శ్రావణ శుక్రవారం జరగని జప్తు

కోర్టు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు ఇద్దరు ముగ్గురు ఆదివారాలు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైనవాడికి వినేవాళ్లు దొరకడమే గొప్ప కాబట్టి నేనూ కాదనను. వాళ్లు అడిగేది ఎప్పుడూ ఒకటే. "మీ సర్వీసులో మర్చిపోలేని జప్తు ఏదండి?" ఏ బీరువాలోంచో బంగారం బయటపడిందనో, ఏ ట్రాక్టరు కోసమో ఊరంతా కర్రలు పట్టుకుని మీద పడిందనో చెబుతానని వాళ్ల ఆశ. అలాంటివీ జరిగాయి, వాటి గురించి చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. నన్ను ఇప్పటికీ మధ్యాహ్నం కునుకులోంచి లేపి కూర్చోబెట్టేది మాత్రం అసలు జరగని జప్తు. దాన్ని వాళ్లకు ముక్కలు ముక్కలుగా చెప్పాను. ఇక్కడ మొత్తం రాస్తున్నాను. పేర్లు రాయను. ఊరు భీమవరం చుట్టుపక్కల అనుకోండి, చాలు.

నేను చేసింది అమీనా ఉద్యోగం. కాగితాల మీద ఆ పేరు మారింది గానీ జనం నోట మారలేదు. ఫలానావారు ఫలానావారికి డబ్బు ఇవ్వాలని కోర్టు తీర్పు చెబుతుంది. ఇవ్వాల్సినాయన ఇవ్వడు. అప్పుడు గెలిచినవాళ్లు మళ్లీ ఇంకో పిటిషను వేసుకోవాలి, మళ్లీ ఫీజు కట్టాలి. జడ్జిగారు వారంటు ఇస్తారు. అది పట్టుకుని ఓడినాయన ఇంటికి వెళ్లి సామాను జప్తు చేసి కోర్టుకు తెచ్చేవాడు అమీనా. నా రాకపోకల బత్తా, సామాను తెచ్చే బండి కిరాయి, ఇవి కూడా గెలిచినవాళ్లే పెట్టుకోవాలి. ఫలానా సామాను అని చూపించడానికి వాళ్లే వెంట రావాలి. తీర్పు వచ్చిన రోజున ఈ సంగతి ఎవరూ చెప్పరు. చెబితే ఆ రోజు స్వీట్లు కొనేవాళ్లలో సగంమంది కొనరు.

మా పైన నాజరు గారుండేవారు. వారంట్లు ఎవరికి ఏది అప్పగించాలో చూసేది ఆయనే. పొట్టి మనిషి, మాట పదును. నాకు అమీనాగా ప్రమోషను వచ్చిన రోజున పిలిచి ఒక్కటే చెప్పారు.

"వారంటు పట్టుకెళ్లిన ఇంట్లో మంచినీళ్లు కూడా ముట్టుకోకయ్యా. ఒక్క గుక్క తాగేవంటే వాళ్ల బీరువా మీద చెయ్యి వెయ్యడానికి నీకు మనసు రాదు."

మన గోదావరి జిల్లాల్లో ఇది చిన్న విషయం కాదు. కోర్టులో మొహమొహాలు చూసుకోనివాళ్లు కూడా గుమ్మంలోకి వస్తే "రండి, కూర్చోండి, కాఫీ తాగుతారా" అనే అంటారు. అనకపోతే వాళ్లకే నామోషీ. అందుకని నా మోపెడ్‌కు ఎప్పుడూ ఒక నీళ్ల సీసా తగిలించి ఉండేది. ఎండాకాలం ఆ నీళ్లు కాగిపోయి నోట్లో పోసుకుంటే టీ తాగినట్టుండేది. అయినా నా నీళ్లే నేను తాగాను. ఈ నియమం అమీనాలకే అనుకున్నాను తప్ప, నా వెంట వచ్చేవాళ్లకు కూడా చెప్పాలని నాకెప్పుడూ తట్టలేదు. నాజరు గారూ చెప్పలేదు.

ఇక కేసు సంగతి. గెలిచినావిడ కర్రీ పాయింటు నడిపిన మనిషి. నలభై దాటి ఉంటాయి. భర్త ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తూ మిషన్లో చెయ్యి నలిగి ఇంటిపట్టునే ఉంటున్నాడు. ఆవిడ కొట్టు మెయిన్ రోడ్డు మీద ఉండేది. పనసపొట్టు కూర చేసిన రోజున పదకొండు గంటలకే డబ్బాలు పట్టుకుని లైను కట్టేవారు. మా కోర్టులో సగం క్యారేజీలు అక్కడినుంచే వచ్చేవి. ఆ గది అద్దెది. దాని ఓనరుకు అలాంటి షాపు గదులు ఒక వరసంతా ఉన్నాయి, వాటి వెనకే మేడ, ఊరవతల రొయ్యల చెరువులు. గుడి దగ్గర అన్నదానం పలక మీద పై వరసలో ఆయన పేరే ఉంటుంది. ఒకరోజు ఆయన ఈవిడను ఖాళీ చేయమని, గదిని సెల్‌ఫోన్ల షాపుకు ఎక్కువ అద్దెకు ఇచ్చారు. సరే, గది ఆయనది. కానీ ఈవిడ చేరేటప్పుడు కట్టిన అడ్వాన్సు మాత్రం తిరిగి ఇవ్వలేదు. పొగకు గోడలు మసిబారాయి, రంగులకు సరిపోయింది పొమ్మన్నారు. రంగులేమో సెల్‌ఫోన్లవాడు తన ఖర్చుతో వేయించుకున్నాడు, ఊరంతా చూసింది.

ఆయన్ని నేనిప్పటికీ గారు అనే అంటాను. అలవాటైన నోరు, ఏం చేస్తాం.

ఆవిడ కేసు వేసింది. నడిచింది, నడిచింది, చివరికి గెలిచింది. ఆ అడ్వాన్సు ఓనరు గారికి లెక్కలోది కాదు, ఒక పూట రొయ్యల మేతకు చాలదు. మరి ఎందుకివ్వరు అంటే ఆయనే ఒకసారి కోర్టు వరండాలో నాతో అన్నారు.

"ఇవ్వలేక కాదండి అమీనా గారూ. గదిలో అద్దెకుండి, నమస్కారం పెట్టి వెళ్లిన మనిషి నన్ను కోర్టు మెట్లు ఎక్కించింది. మీరైతే ఇస్తారా?"

ఆవిడకు మాత్రం ఆ డబ్బులోనే కొట్టు ఉంది. గది పోయాక పెళ్లిళ్లకు వంట చేసే బృందంలో చేరింది. ఇంకొకళ్ల పేరు మీద వంట, ఇంకొకళ్ల గరిటె. బస్టాండు వెనక ఒక రిటైరైన టీచరమ్మ గారికి చిన్న గది ఉంటే చూసుకుంది. ఆ టీచరమ్మ మంచిమనిషి. దసరా దాకా ఎవరికీ ఇవ్వను, ఈలోగా అడ్వాన్సు తెచ్చుకో అంది. ఆవిడ నాతో మాట్లాడిన ప్రతిసారీ ఆ గది గురించే మాట్లాడేది. పొయ్యి ఎటు పెట్టాలి, కిటికీ దగ్గర బల్ల వేస్తే డబ్బాలు అందించడానికి వీలుంటుంది, ఇలాంటివి. వినీ వినీ ఆ గదిని నేనూ చూసినట్టే అయిపోయింది.

వారంటు నా చేతికొచ్చింది. వెళ్లాం. ఆవిడ, నేను, ఆవిడ మాట్లాడుకొచ్చిన ట్రాలీ ఆటో. మేడ గేటుకు తాళం. కోర్టు విడిగా ఆర్డరివ్వందే ఇంటి బయటి తలుపు పగలగొట్టే అధికారం అమీనాకు లేదు. తెరిచి ఉంటే వెళ్లవచ్చు, పొద్దుగూకేలోగా మాత్రమే వెళ్లవచ్చు. గేటులోంచి పనివాడు తొంగిచూసి "ఊళ్లో లేరండి" అన్నాడు. మళ్లీ వెళ్లాం, మళ్లీ తాళం. ఇంకోసారి వెళితే మేడ మీద టీవీ మోగుతోంది, గేటుకు తాళం ఉంది. వెళ్లినప్పుడల్లా ట్రాలీ ఆటో కిరాయి ఆవిడ కొంగు ముడి విప్పి ఇస్తుంటే నాకు తల కొట్టేసినట్టుండేది. ఆటో నడిపే అతను పాపం సగమే తీసుకునేవాడు.

శ్రావణమాసం వచ్చింది. ఒకరోజు ఆవిడే కోర్టుకొచ్చి చెప్పింది.

"వచ్చే శుక్రవారం వెళ్దామండి. వరలక్ష్మీ వ్రతం కదండి. ఆరోజు పొద్దుటినించీ పేరంటాళ్లు వస్తారు. గేటు ఎలా మూస్తారండి? ఆయన కూడా పూజలో కూర్చోవాలి కాబట్టి ఇంట్లోనే ఉంటారు."

నాకు ఆ బుర్ర నచ్చింది. నాజరు గారికి చెబితే కాసేపు నాకేసి చూసి "వ్రతం రోజా?" అన్నారు. "చట్టంలో వ్రతం గురించి లేదు కదండి" అన్నాను. "చట్టంలో లేదయ్యా" అని వారంటు మీద తారీఖు వేసి ఇచ్చారు.

ఆ శుక్రవారం గేటు బార్లా తెరిచి ఉంది. గుమ్మానికి మామిడాకులు, బంతిపూలు, వాకిట్లో ముగ్గు. లోపల్నుంచి ఆడవాళ్ల మాటలు, గాజుల చప్పుడు. ట్రాలీ ఆటోను వీధిలో ఆపించి, ఆవిడను గేటు దగ్గర ఉండమని, నేను వరండా మెట్ల దాకా వెళ్లాను. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి వెళ్లాను. అది కూడా చెప్పాలి కదా. ఓనరు గారు పట్టుపంచెతో బయటికొచ్చారు. నన్ను చూసి ఒక్క క్షణం ఆగారు, అంతలోనే సర్దుకున్నారు.

"రండి రండి. కాఫీ తెమ్మంటాను."

"వద్దండి. వారంటు ఉందండి."

"ఉంటుందిలెండి, ఎక్కడికి పోతుంది? కూర్చోండి."

కూర్చోలేదు. వారంటు చదివి వినిపించాను. హాల్లో కనబడుతున్న ఫ్రిజ్జు, సోఫాలు, పెద్ద టీవీ, పోర్టికోలో మోటారుసైకిలు, అన్నీ కళ్లతోనే లెక్కవేసుకుంటున్నాను. ఇందులో రెండు ఎత్తుకెళితే చాలు, సాయంత్రానికల్లా ఆయనే డబ్బు పట్టుకుని కోర్టుకు పరిగెత్తుకొస్తారు. నా అనుభవంలో ఎప్పుడూ అంతే జరిగింది. ఆయన మొహం కూడా అదే చెబుతోంది. ఆ నిమిషంలో ఆవిడ గెలిచింది. నిజంగా గెలిచింది.

అప్పుడు ఓనరు గారి భార్య పసుపు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చారు. పెద్దావిడ, నెమ్మదస్తురాలు అని ఊళ్లో పేరు. మా మాటలు విన్నారో లేదో నాకు తెలియదు. ఆవిడ చూపు గేటు దగ్గర నిలబడ్డ మనిషి మీద పడింది.

"అయ్యో, అక్కడ నిలబడ్డావేంటమ్మా? వ్రతం పూట గుమ్మంలోకొచ్చిన ముత్తయిదువ అలా నిలబడకూడదు. రా, లోపలికి రా."

ఈవిడ నాకేసి చూసింది. వెళ్లమని తలూపాను. లోపలికి వెళితే సామాను చూసిరావచ్చు అనుకున్నాను. నా తెలివి అలా ఏడ్చింది.

కిటికీలోంచి కనబడుతూనే ఉంది. పట్టుచీరల మధ్య చాప మీద కూర్చోబెట్టారు. ఆవిడ వంట పని చీరలోనే ఉంది, కాళ్లు లోపలికి ముడుచుకుంటోంది. ఓనరు గారి భార్య కింద కూర్చుని, ఆ కాళ్లు ముందుకు లాగి పసుపు రాశారు. బొట్టు పెట్టారు, మెడకు గంధం పూశారు. కొంగు పట్టమని తాంబూలం, అరటిపండ్లు, జాకెట్టు ముక్క, నానబెట్టిన శనగలు పోశారు. ఏళ్లతరబడి ఆ మేడ ముందు గదిలో అద్దెకున్నా ఆ గుమ్మం దాటి ఈవిడ ఎప్పుడూ లోపలికి వెళ్లలేదట. ఆ సంగతి తర్వాత ఆవిడే చెప్పింది.

బయటికొచ్చింది. కళ్లలో నీళ్లు.

"ఇవాళ వద్దండి అమీనా గారూ."

"ఏంటమ్మా వద్దు? ఇవాళ తప్పితే ఈయన మళ్లీ దొరకరు."

"వాయినం పట్టిన కొంగుతో ఆ ఇంట్లోంచి సామాను ఎలా తీయిస్తానండి? ఆవిడ నా కాళ్లకి పసుపు రాసేరండి."

ఓనరు గారు పట్టు దొరికిందని గ్రహించారు. చేతులు రెండూ జోడించారు.

"చూడండి, శుక్రవారం పూట ఇంట్లోంచి లక్ష్మిని బయటికి పంపుతామా? మీరే చెప్పండి. రేపు పొద్దున్నే ఆవిడను రమ్మనండి. అణాపైసలతో సహా ఇచ్చేస్తాను."

నేనేం చెప్పను? మా ఇంట్లో శుక్రవారం పూట పాలవాడికి కూడా డబ్బులివ్వరు. గుమ్మంలో వింటున్న పేరంటాళ్లందరూ నిజమే అన్నట్టు చూస్తున్నారు. ట్రాలీ ఆటో అతను కూడా "రేపే వద్దాంలెండి, రేపటికి కిరాయి వద్దు" అన్నాడు. అక్కడ ఆ వాదన తప్పు అనగలిగే మనిషి ఒక్కడూ లేడు. గెలిచినవాళ్లే వద్దంటే జప్తు చేసే అధికారం నాకూ లేదు. డిక్రీదారు కోరిక మేరకు ఈరోజు జప్తు జరపలేదని వారంటు వెనక రాశాను. ఆవిడ సంతకం పెట్టింది. చేతికున్న పసుపు కాగితానికి అంటుకుంది.

తిరుగుదారిలో ఆవిడ సంబరం చూడాలి. ఆటోలోనే కొంగు విప్పి శనగలు ఆటో అతనికీ నాకూ చెరో గుప్పెడు పెట్టింది. దసరాకు పొయ్యి వెలిగిస్తానంది. మొదటిరోజు గుత్తివంకాయ, గోంగూర రొయ్యలు, పనసపొట్టు. జాకెట్టు ముక్క మెరూను రంగుది, అంచు ఉన్నది. దాన్ని మడత విప్పకుండానే నిమిరి మళ్లీ పెట్టుకుంది. "పెద్దింటివాళ్లయినా ఆవిడ ఎంత మర్యాద చేసేరో చూసేరా అండి" అంది. చూశానమ్మా అన్నాను. శనగలు తిన్నాను.

శనివారం పొద్దున్నే వెళ్లాం. గేటుకు తాళం.

"కొవ్వూరు వెళ్లేరండి, గోదావరి స్నానానికి" అన్నాడు పనివాడు.

"ఎప్పుడొస్తారు?"

"ఆయ్, చెప్పలేదండి."

ఆవిడ గేటు ఇనపచువ్వలు పట్టుకుని చాలాసేపు లోపలికి చూస్తూ నిలబడింది. వాకిట్లో నిన్నటి ముగ్గు అలాగే ఉంది.

సోమవారం వారంటు తిరిగి అప్పగించాను. నాజరు గారు నేను రాసింది చదివి, కళ్లజోడు తీసి "పేరంటంలో శనగలు పెట్టారా?" అని అడిగారు. పెట్టారండి అన్నాను. "నువ్వూ తిన్నావా?" తిన్నానండి. ఆయన తిట్టలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చున్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

కొన్నాళ్లకు ఓనరు గారి తరఫున కోర్టులో ఒక పిటిషను పడింది. డిక్రీ సొమ్ము అంతా వ్రతం రోజునే ఇచ్చేశాం, లక్ష్మీపూజ నాడు శుభమని తాంబూలంతో పాటు కొంగులో పెట్టి ఇచ్చాం, అందుకే ఆవిడ జప్తు వద్దని తనంతట తానే రాసిచ్చి వెళ్లిపోయింది అని అందులో రాశారు. దానికి నేను రాసిన రెండు వరసలూ, ఆవిడ సంతకమూ సాక్ష్యం. నాజరు గారు అది చదువుతుంటే పక్కన నిలబడ్డాను. నా సర్వీసులో అబద్ధాలు చాలా చూశాను. దొంగ రశీదులు, దొంగ పేర్లు, చచ్చిపోయినవాళ్ల సంతకాలు. ఇలాంటిది చూడలేదు. ముందే అనుకుని పిలిచారా, తర్వాత ఎవరైనా సలహా ఇచ్చారా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. తర్వాత అని నమ్మడానికే నేను ప్రయత్నిస్తుంటాను.

విచారణ రోజు వచ్చింది. జడ్జిగారు చిన్న వయసావిడ, బయటి జిల్లా మనిషి. పేరంటాళ్లు ఇద్దరు వచ్చి చెప్పారు. ఆవిడకు కొంగులో తాంబూలం పోశారు, మేం చూశాం అన్నారు. నిజమే కదా, చూశారు. లోపల డబ్బుందో లేదో మాకు తెలియదండి అన్నారు. అదీ నిజమే. తర్వాత ఓనరు గారి భార్య బోను ఎక్కారు. ప్రమాణం చేశారు. వాళ్ల వకీలు అడిగాడు, ఆరోజు మీరు తాంబూలంలో ఏం పెట్టారమ్మా అని. ఆవిడ బోను కర్రమీద గోటితో గీస్తూ ఉండిపోయారు. జడ్జిగారు "చెప్పండమ్మా" అన్నారు.

"డబ్బు పెట్టేనండి" అన్నారు ఆవిడ, నేలకేసి చూస్తూ.

కోర్టు హాల్లో వెనక బల్ల మీద మా ఆవిడ, అదే, గెలిచినావిడ, కూర్చుని ఉంది. ఆ మాటకు లేచి నిలబడింది.

తర్వాత నన్ను పిలిచారు. ఎన్నోసార్లు ఎక్కిన బోనే. ఆవిడ వకీలు అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆటోలో కొంగు విప్పింది, శనగలు మాకు పెట్టింది, తమలపాకులు, పండ్లు, జాకెట్టు ముక్క తప్ప ఇంకేమీ నాకు కనబడలేదు అన్నాను. అవతలి వకీలు లేచాడు. చేతిలో వారంటు, దాని మీద పసుపు మరక.

"మీరు శనగలు తిన్నారు."

"తిన్నానండి."

హాల్లో నవ్వారు.

"జాకెట్టు ముక్క మడత పెట్టి ఉందా, విప్పి ఉందా?"

"మడత పెట్టే ఉందండి."

"ఆ మడత మీరు విప్పి చూశారా?"

"లేదండి."

"అయితే లోపల ఏముందో మీకు తెలియదు."

నాకు తెలుసు. ఆటోలో ఆ మొహం చూసినవాడిని, శనివారం ఆ గేటు పట్టుకుని నిలబడ్డ చేతులు చూసినవాడిని, నాకు తెలియకపోవడం ఏంటి? కానీ బోనులో చూసింది చెప్పాలి, అనుకున్నది చెప్పకూడదు. ముప్పయ్యేళ్లు అదే నేర్చుకున్నాను.

"చూడలేదండి" అన్నాను.

బయట వరండాలో ఆవిడ నా కోసం ఆగి ఉంది. నన్ను తిడుతుందేమో అనుకున్నాను.

"మీరు చెప్పింది నిజమేలెండి. మడత విప్పలేదు కదా" అంది. మళ్లీ ఆవిడే, "డబ్బు పోతే మళ్లీ సంపాదించుకుంటామండి. ఆవిడ కింద కూర్చుని నా కాళ్లు పట్టుకుని పసుపు రాసేరండి. ఆ చేత్తోనే ప్రమాణం చేసేరు. ఎలా చేసేరండి?"

నాకు ఏడుపొచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, కోర్టు వరండాలో, జనం తిరుగుతుండగా, ఏడుపొచ్చింది. స్తంభం వైపు తిరిగి ముక్కు చీదుకున్నాను.

జడ్జిగారు నెలలు పట్టినా సరిగానే తేల్చారు. రశీదు లేదు, బ్యాంకు కాగితం లేదు, కోర్టు బయట ఇచ్చామన్న మాటను ఇలా నమ్మడం కుదరదని పిటిషను కొట్టేశారు. అంటే ఆవిడ రెండోసారి గెలిచింది. ఈలోగా దసరా వచ్చి వెళ్లిపోయింది. టీచరమ్మ దీపావళి దాకా కూడా ఆగింది, ఆ తర్వాత ఆవిడ మాత్రం ఎంతకాలం ఆగుతుంది? ఆ గదిలో ఇప్పుడు జ్యూసు షాపు ఉంది. కిటికీ దగ్గర బల్ల వేశారు.

సామాను జోలికి మళ్లీ వెళ్లలేదు. అదంతా పుట్టింటినుంచి తెచ్చుకున్న నా సొంతం అని ఓనరు గారి భార్య పేరుతో ముందే ఇంకో కాగితం సిద్ధమైంది. గెలిచినావిడ వకీలు వేరే దారి పట్టాడు. సెల్‌ఫోన్ల షాపువాడు ఓనరు గారికి కట్టే అద్దెలో కొంత నెలనెలా కోర్టుకు కట్టాలని ఆర్డరు తెచ్చాడు. అది మంచి దారే. మొదటే ఆ పని చేయాల్సింది అని నాజరు గారన్నారు. మొదట ఎవరికీ తోచలేదు. షాపువాడు ఒక నెల కట్టి ఒక నెల ఎగ్గొట్టేవాడు. ఎగ్గొట్టినప్పుడల్లా మళ్లీ నోటీసు. మొత్తానికి ఆవిడ వచ్చి సంతకం పెట్టి, చిన్న చిన్న చెక్కులు తీసుకెళుతుండేది. ఓనరు గారు నాకు రోడ్డు మీద కనబడితే "బాగున్నారా అండి" అని పలకరించేవారు. బాగున్నానండి అనేవాణ్ని.

చివరి చెక్కు ఇచ్చిన నాటికి నాకు రిటైర్మెంటు దగ్గరికొచ్చింది. ఆవిడ పొద్దున్నే వచ్చింది, చేతిలో గరిటెలు పెట్టుకున్న సంచి. గుమస్తా చూపించిన చోట సంతకం పెట్టింది. డిక్రీ సొమ్ము పూర్తిగా ముట్టిందని రాసి ఫైలు మూసేశారు. జడ్జిగారి ముందు కూడా ఆ మాటే అన్నారు, వకీలు సంతోషించాడు, మా ఆఫీసు లెక్కలో ఒక కేసు తగ్గింది. ఆవిడతో పాటు గేటు దాకా నడిచాను. ఏదైనా మంచి మాట అనాలనిపించింది.

"మొత్తానికి పైసా వదలకుండా రాబట్టుకున్నారమ్మా. ఇక కొట్టు ఎక్కడ పెడతారు?"

ఆవిడ ఆగింది. మొహంలో కోపం లేదు, ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది.

"దేంతో పెట్టనండి? మీరు నెలనెలా ఇచ్చింది మేం నెలనెలా తినేశాం కదండి. గ్యాసుబండ, ఆయన మందులు, ఇంటద్దె. కొట్టుకి సరిపడా డబ్బు ఒక్కరోజు కూడా నా చేతిలో లేదండి."

రోడ్డు మీద వంటవాళ్ల బండి హారను కొట్టింది. రావులపాలెంలో పెళ్లి, పన్నెండింటికల్లా విస్తళ్లు వేయాలట. వెళ్లొస్తానండి అని, ఎవరో చెయ్యి అందిస్తే పట్టుకుని ఎక్కి, గుండిగల మధ్య ఖాళీ చూసుకుని కూర్చుంది.